లూసీ పళ్ళెంలో పచ్చి కైమా

అరాద్, బహ్రెయిన్
శుక్రవారం మధ్యాహ్నం

ప్రియమైన సువార్తక్కకు, బావగారికి, నా బంగారుతల్లి శాంతికి, సముద్రానికి ఇవతలి ఒడ్డునుంచి కరుణ, ప్రభువు పేరిట చేతులు జోడించి పంపుకునే వందనాలు. దేవుడి దయవల్ల నేను ఆరోగ్యంగానే ఉన్నాను. అక్కడ మీరంతా ఎలా ఉన్నారు? నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా అక్కా? బావగారి దగ్గు సంగతేంటి? బీడీలు మానకుండా దగ్గు మాత్రం మానాలంటే అదెలా మానుతుందని నేను అడిగినట్టు చెప్పు. శాంతీ, ఈ ఉత్తరం పెద్దమ్మకు చదివేటప్పుడు నీకిష్టం లేని వాక్యాలు మింగెయ్యకు. ప్రతి ముక్కా గట్టిగా, నిదానంగా చదువు. పెద్దమ్మ మధ్యలో తిడితే ఆగి, తిట్టడం అయిపోయాక మళ్ళీ మొదలుపెట్టు.

మీ ఉత్తరం సోమవారం అందింది. చదివితే ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. "దొరకు ఎదురు తిరిగావంట, డిసెంబరులో నిన్ను ఇంటికి పంపించేస్తారంట, ఎందుకే నీకింత పొగరు" అని రాయించావు. ఈ కబురు మోసింది ఎవరో నాకు తెలుసు. ఇక్కడ నయీమ్ అనే పేటలో ఉండే రెబ్కమ్మ. ఆమె ఇక్కడ ఆస్పత్రిలో ఊడ్చే పని చేస్తుంది. ప్రతి శుక్రవారం తెలుగు ప్రార్థన అయ్యాక మేము నలుగురైదుగురం ఆమె గదిలోనే కలిసి అన్నం తింటాం. మనిషి మంచిదే గానీ నోట్లో మాట ఆగదు. నేను ఏడుస్తూ చెప్పినదాంట్లో సగం విని, ఊరికి వెళ్తున్నవాళ్ళ చేతిలో ఉత్తరం పెట్టి పంపించింది. మిగతా సగం వినే ఓపిక ఆమెకు లేకపోయింది. అందుకే మొత్తం నేనే రాస్తున్నాను.

నా కాగితం రెండేళ్ళకే అని మీకు తెలుసు. అది ఈ డిసెంబరుతో అయిపోతుంది. దొర మళ్ళీ సంతకం పెడితే ఇంకో రెండేళ్ళు ఉంటాను, ఆ రెండేళ్ళలో శాంతి పదో తరగతి అయిపోయి నర్సు ట్రైనింగుకి వెళ్తుంది. పెట్టకపోతే నేను వచ్చి మళ్ళీ మిరపచేలోకి దిగాలి, నా వెనకాలే అదీ దిగాలి. అంతేగా మన బతుకు. ఇదంతా మర్చిపోయి నేను నోరు విప్పాననుకోకు. తెలిసే విప్పాను.

మొదటినుంచీ చెప్తాను, విను. బొంబాయిలో ఏజెంటు ఆఫీసులో పదకొండు మంది ఆడవాళ్ళం బల్లల మీద వరసగా కూర్చున్నాం. "గొడ్డుమాంసం వండటం ఎవరికొచ్చు?" అని ఏజెంటు హిందీలో అడిగితే అందరూ నేలచూపులు చూశారు. వాళ్ళలో వచ్చినవాళ్ళు లేకపోలేదు అక్కా. నలుగురిలో ఒప్పుకోవడానికి నోరు రాలేదు, అంతే. మన ఇంట్లో మాత్రం ఏం చేసేవాళ్ళం? పెద్దమాంసం వండిన రోజు తలుపు దగ్గరకు వేసేవాళ్ళం. ఎవరైనా వాసనపట్టి అడిగితే మేకమాంసం అనేవాళ్ళం. శాంతి బళ్ళో ఏం కూర అంటే వంకాయ అని చెప్పేది. నేను మాత్రం ఆ రోజు చెయ్యెత్తాను. "నాకొచ్చు" అన్నాను. నాకంటే బాగా ఎవరికొచ్చు? ఆ ఒక్క మాట మీదే నాకీ ఉద్యోగం వచ్చింది.

వచ్చిన నాలుగో రోజుకే నా గొప్ప బయటపడింది. ఆ పొద్దున దొర నాలుగు మాంసం పలకలు తెచ్చి గట్టు మీద పెట్టాడు. రెండువేళ్ళ మందాన ఉన్నాయి, ఎర్రగా, మధ్యమధ్యలో సన్నటి తెల్ల కొవ్వుచారలతో. "సాయంత్రం ఇద్దరు స్నేహితులు వస్తారు, స్టేక్ చెయ్యాలి" అని చెప్పి డ్యూటీకి వెళ్ళాడు. స్టేక్ అంటే పెద్దమాంసం కూరకు దొరల పేరేమో అనుకున్నాను. ఇక చూడు. పసుపూ ఉప్పూ వేసి రుద్ది, నీళ్ళు తేటపడేదాకా ఐదుసార్లు కడిగాను. వేలెడంత ముక్కలు కోశాను. అల్లం, వెల్లుల్లి, చేతికొచ్చినంత కారం వేసి, ముక్క చేత్తో నొక్కితే విడిపోయేదాకా రెండు గంటలు ఉడికించాను. అమ్మ ఉంటే మెచ్చుకునేది. ఇల్లంతా వాసన ఘుమఘుమలాడిపోయింది.

దొర మూత తీసి చూశాడు. "కరుణా, ఇవి ఆస్ట్రేలియానుంచి విమానంలో వచ్చాయి" అన్నాడు, చచ్చిపోయినవాళ్ళ గురించి చెప్పినట్టు. వచ్చినవాళ్ళు పాపం బ్రెడ్డుతో తిన్నారు. ఒకాయన రెండోసారి వడ్డించుకుని, ఆ తర్వాత జగ్గుడు నీళ్ళు తాగాడు. మర్నాడు దొరసాని నన్ను కూర్చోబెట్టి, ఒక నెలలో వాళ్ళ వంట నేర్చుకోవాలనీ లేకపోతే ఇంకొకరిని తెచ్చుకుంటాననీ నెమ్మదిగానే చెప్పింది. బాత్రూములో కుళాయి విప్పుకుని ఏడ్చాను. పెద్దమాంసం వండటం రాదని నన్ను ఒకరు అనడమా అని సిగ్గేసింది.

నేర్చుకున్నాను అక్కా. పంతం పట్టి నేర్చుకున్నాను. ప్రతి గురువారం సాయంత్రం దొర పెరట్లో బొగ్గుల కుంపటి లాంటిది ఒకటి పెడతాడు, దాని పైన ఇనపచువ్వల జల్లెడ ఉంటుంది. ఆ పలకల్ని కడగకూడదు, కొయ్యకూడదు, ఉప్పూ మిరియాలూ చల్లి నిప్పుల మీద వెయ్యాలి. అంతే! ఇక ఎంతసేపు అన్నదే అసలు విద్య. ఒక్కొక్కరికి ఒక్కో రకం కావాలి. రేర్ అంటే పైన కాలి, లోపలంతా ఎర్రగా ఉండాలి. మీడియం అంటే మధ్యలో గులాబి రంగు. వెల్ డన్ అంటే లోపల కూడా ఎరుపు లేకుండా కాలడం. మధ్యలో ఇంకా ఒకటి రెండు రకాలున్నాయి. కోసి చూడకూడదు, కోస్తే రసం పోతుందట. మరి లోపల ఎలా ఉందో ఎలా తెలుస్తుంది? దానికి దొర ఒక ఉపాయం చెప్పాడు. బొటనవేలి కింద కండ ఉంటుంది చూడు, చూపుడువేలిని బొటనవేలికి ఆనించి ఆ కండను నొక్కితే ఎంత మెత్తగా ఉంటుందో రేర్ అంత మెత్తగా ఉంటుంది. ఉంగరపువేలు ఆనిస్తే మీడియం. చిటికెనవేలు ఆనిస్తే వెల్ డన్, గట్టిగా ఉంటుంది. శాంతీ, పెద్దమ్మకు చేసి చూపించు.

నెలరోజులు నా చెయ్యి నేను నొక్కుకుంటూ తిరిగాను. బట్టలారేస్తూ నొక్కుకున్నాను, దొర కూతురు లూసీని నిద్రపుచ్చుతూ నొక్కుకున్నాను. ప్రార్థనలో ప్రసంగం జరుగుతుంటే కూడా వేళ్ళు ఆనించి నొక్కుకుంటుంటే, రెబ్కమ్మ మోచేత్తో పొడిచి, "ఏందే ఆ లెక్కలు? ప్రసంగం ఎప్పుడయిపోద్దా అని చూస్తన్నావా?" అంది. నెల తిరిగేసరికి చెయ్యి పెట్టి చూడకుండానే, పలక మీద పటకారు ఆనిస్తే లోపల ఏ రంగో చెప్పగలిగాను. దొరే వచ్చినవాళ్ళతో "కరుణ చెయ్యి తప్పదు" అని చెప్పుకోవడం మొదలుపెట్టాడు. ఆ మాట విన్న రోజు నా నడకే మారిపోయింది, ఏం అబద్ధం చెప్పను.

ఎన్ని రకాల నోళ్ళున్నాయో! దొర స్నేహితుడు ఒక ఎర్రగడ్డం మనిషి ఉన్నాడు, దొర కంపెనీలోనే పని. అతనికి పలకను నిప్పుకు చూపించి తీసేస్తే చాలు. పళ్ళెంలో ఎర్రనీళ్ళు కారుతుంటే బ్రెడ్డుముక్కతో తుడుచుకు తింటాడు. మొదటిరోజు నేను మొహం తిప్పుకున్నాను. పక్కింట్లో ఒక లెబనాన్ ముసలావిడ ఉంది. ఆమె మాత్రం ఎక్కడా ఎరుపు కనపడకూడదంటుంది. ఆమె అలా అడిగినప్పుడల్లా దొర తన ఇల్లెవరో తగలబెట్టినట్టు బాధపడతాడు. "అంత కాలిస్తే చెప్పు అట్ట తిన్నట్టే" అంటాడు. ఆవిడ పలక నేను కాస్త ఎక్కువ ప్రేమతో కాల్చేదాన్ని.

ఒకరోజు ధైర్యం చేసి దొరను అడిగాను. "సార్, ఇలా పచ్చిగా తింటే రోగం రాదా?" అని. దొర విమానాలు ఎగిరే ముందు వాటి మరలన్నీ బాగున్నాయో లేదో చూసి సంతకం పెట్టే ఇంజనీరు. అందుకే ఏదడిగినా కోప్పడడు, బొమ్మగీసి మరీ చెప్తాడు. "మాంసానికి మురికి అంటేది పైపైనే కరుణా. కోసిన కత్తి, పెట్టిన బల్ల, పట్టుకున్న చెయ్యి, వాలిన ఈగ, అన్నీ తగిలేది పైనే. నిప్పు పైన కాల్చేస్తే పురుగులు అక్కడే చస్తాయి. లోపలికి ఎవరి చెయ్యీ వెళ్ళలేదు కదా, అందుకని లోపల ఎర్రగా ఉన్నా నాకు భయం లేదు" అన్నాడు. ఆ ఎర్రనీళ్ళు రక్తం కూడా కాదట. ఆలోచిస్తే సబబుగానే అనిపించింది. నేను తినలేదు, తినను, కానీ ఆ రోజునుంచి వాళ్ళకు పెట్టడానికి నా మనసు ఒప్పుకుంది. మనం కడిగి కడిగి రెండు గంటలు ఉడికించేది ఎందుకో కూడా నాకు అప్పుడే తెలిసింది. మనకు మాంసం ఎలా దొరికేది? ఎండలో తిరిగి తిరిగి, ఎన్నో చేతులు మారి వచ్చేది. అమ్మకు బొమ్మ గియ్యడం రాదు గానీ సంగతి తెలుసు.

ఇక అసలు గొడవ. పోయిన నెల లూసీ పుట్టినరోజు. దొరకు ఒక్కతే కూతురు, నాలుగు నిండి ఐదులో పడింది. నేను దాన్ని "అమ్మాయ్" అని పిలుస్తానని అది కూడా నన్ను "అమ్మాయ్" అనే పిలుస్తుంది. దొరా దొరసానీ ఇద్దరూ పొద్దున్నే పనికి పోతే ఈ ఇంట్లో నేనూ అదీ, నెత్తిమీద దిగే విమానాలూ, అంతే. అదే లేకపోతే మాట్లాడే దిక్కులేక నాకు ఎప్పుడో పిచ్చెక్కేది.

ఆ శుక్రవారం ఎనిమిదిమంది పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు వచ్చారు. దొర ఈసారి స్టేక్ వద్దని, పిల్లలు తినేలా బర్గర్లు చేద్దామన్నాడు. పొద్దున్నే నాచేత మాంసం మిషన్లో వేయించి కైమా పట్టించాడు. కేకు, జెల్లీ, కూల్ డ్రింకులతో ఫ్రిజ్ నిండిపోయింది. కైమా ట్రే తీసి గట్టు మీద పెట్టారు. ఇక్కడ సెప్టెంబరు ఎండ ఎలా ఉంటుందనుకున్నావు? తలుపు తీస్తే ఆవిరి పట్టినట్టు ఉంటుంది. రెండు మూడు గంటలు ఆ ట్రే అలాగే ఉంది. సాయంత్రం దొరే కుంపటి దగ్గర నిలబడి, కైమాని గుండ్రంగా బిళ్ళలు చేసి కాల్చాడు. నేను ఒక్కొక్కటీ రొట్టెలో పెట్టి పిల్లలకు పళ్ళేల్లో ఇస్తున్నాను.

లూసీకి ఉల్లిపాయ పడదు. దాని బిళ్ళ కింద ఉల్లి ముక్క ఉందేమోనని తుంచి చూశాను. లోపల ఎర్రగా ఉంది. వేలు పెడితే వెచ్చగా కూడా లేదు. అప్పుడు నా బుర్రలో వెలిగింది అక్కా. పొద్దున మిషను తిప్పింది నేనే. పలకగా ఉన్నప్పుడు పైనున్నదంతా ఆ మిషన్లో పడి, నలిగి, లోపలికి పోయింది. కత్తి తగిలిన చోటు, చెయ్యి తగిలిన చోటు, అన్నీ ఇప్పుడు బిళ్ళ మధ్యలో ఉన్నాయి, నిప్పు తగలని చోట. దొర నాకు చెప్పిన లెక్కే ఇది. ఆయన చెప్పిన లెక్క ఆయనే మర్చిపోయాడు.

నీకు నేను చెప్పక్కర్లేదు, మన దావీదు, నా కొడుకు, మూడేళ్ళకే ఎలా పోయాడో. పొద్దున విరేచనాలు మొదలయ్యాయి, మర్నాడు పొద్దుటికి కళ్ళు లోపలికి పోయాయి, సాయంత్రానికి నా ఒళ్ళో ఖాళీ. వాణ్ణి తీసుకుపోయింది మాంసం కాదు, కాలవనీళ్ళు. అది నాకు తెలుసు. అయినా లూసీ నోరు తెరిచి ఆ రొట్టె అందుకోబోతుంటే నా చెయ్యి ఆగలేదు. లాగేసుకున్నాను. లూసీది ఒక్కటే కాదు, ఎనిమిదిమంది పళ్ళేలూ లాగేసుకున్నాను. ఒక పిల్లాడు ఏడుపు లంకించుకున్నాడు.

"కరుణా! ఏం చేస్తున్నావు?" అని దొర అరిచాడు.

"లోపల పచ్చి సార్. మళ్ళీ కాలుస్తాను" అన్నాను.

"పెట్టెయ్. కాస్త ఎర్రగా ఉంటేనే బాగుంటుంది. కాలిస్తే గట్టిపడి ఎవరూ తినరు."

"నో సార్. అవుట్‌సైడ్ గో ఇన్‌సైడ్. మిషన్ డూ" అన్నాను. నాకొచ్చిన ఇంగ్లీషు అంతే. పైది లోపలికి పోయింది అని చెప్పడానికి అంతకంటే మాటలు దొరకలేదు. "పెద్దవాళ్ళు మీ ఇష్టం సార్. పిల్లలకు నేను పెట్టను" అని మాత్రం గట్టిగా అన్నాను.

ఎర్రగడ్డం మనిషి నవ్వాడు. "ఈ ఇంట్లో యజమాని ఎవరో ఇప్పుడు తెలిసింది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుతోనే నా కొంప మునిగింది. దొర మొహం కందిపోయింది. నా దగ్గరకొచ్చి, ఎవరికీ వినపడకుండా, "రేపు మాట్లాడదాం. డిసెంబరు తర్వాత నువ్వు ఇక్కడ ఉంటావో లేదో కూడా రేపే మాట్లాడదాం" అన్నాడు. కానీ పళ్ళేలు నా చేతుల్లోనే ఉన్నాయి కదా. ఎనిమిది బిళ్ళలూ మళ్ళీ నిప్పుల మీద పెట్టి, తుంచి చూస్తే ఎక్కడా ఎరుపు లేనంతవరకూ కాల్చి, సాస్ పోసి పిల్లలకు ఇచ్చాను. సుబ్బరంగా తిన్నారు. పెద్దవాళ్ళు ఎర్రవే తిన్నారు.

ఆ రేపు నాలుగు రోజులు రాలేదు. దొర నాతో మాట్లాడలేదు, దొరసాని కావలసిన మాటలే మాట్లాడింది. నేను ప్రతి గంటకూ చెవులు రిక్కించుకుని ఉన్నాను, ఎవరికైనా జబ్బు చేసిందన్న ఫోనేమైనా వస్తుందేమోనని. సిగ్గులేకుండా చెప్తున్నాను, ఆ ఎర్రగడ్డం వాడికైనా కాస్త కడుపునొప్పి వస్తే బాగుండునని ఒకసారి అనుకున్నాను, వెంటనే దేవుడికి క్షమాపణ చెప్పుకున్నాను. ఎవరికీ ఏమీ కాలేదు అక్కా. ఒక్కరికి తుమ్ము కూడా రాలేదు.

బుధవారం దొర పిలిచాడు. భోజనాల బల్ల మీద నా కాగితాలు ఉన్నాయి, పక్కన పెన్ను ఉంది. దొరసాని కూడా కూర్చుంది. "పెద్దవాళ్ళం అందరం తిన్నాం. ఒక్కరికీ ఏమీ కాలేదు. నువ్వు అనవసరంగా నా స్నేహితుల ముందు నా పరువు తీశావు. తప్పయిందని, ఇంకెప్పుడూ ఇలా చెయ్యనని చెప్పు. సంతకం పెడతాను" అన్నాడు.

రెండు మాటలు. ఎంత సులువు! "ఎస్ సార్" అని నాలిక చివరిదాకా వచ్చింది. శాంతి తెల్ల నర్సు బట్టల్లో నా కళ్ళముందు నిలబడింది. నువ్వు నా పక్కనుంటే నా నోరు నొక్కి తల ఊపించేదానివి. నేను ఆ మాట మింగి, "అందరి ముందూ పళ్ళేలు లాక్కోవడం తప్పే సార్. ఐ సారీ" అన్నాను. దొర తల ఊపి పెన్ను అందుకున్నాడు. "కానీ మళ్ళీ చెయ్యనని చెప్పలేను. లూసీ పళ్ళెంలో పచ్చి కైమా పెడితే మళ్ళీ తీసేస్తాను" అన్నాను. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాను.

"ఎవరికీ ఏమీ కాలేదని చెప్తున్నాను కదా!" అన్నాడు.

సరిగ్గా అప్పుడే ఒక విమానం ఇంటి మీదనుంచి దిగింది, కిటికీ అద్దాలు గడగడలాడాయి. అది పోయేదాకా ఇద్దరం ఆగాం. "సార్, ఎస్టర్డే ప్లేన్ నో ఫాల్. టుడే యు నో చెక్?" అన్నాను. నిన్న విమానం పడిపోలేదని ఇవాళ మీరు చూడకుండా సంతకం పెట్టేస్తారా అని. "మాంసం పైనే మురికి ఉంటుందని మీరే చెప్పారు. నేను మీ మాటే చేశాను" అన్నాను.

దొర నా మొహంలోకి చూశాడు. పెన్ను కింద పెట్టి, లేచి, బయటకు వెళ్ళిపోయాడు. దొరసాని కాగితాలు సర్ది సొరుగులో పెట్టింది. అయిపోయింది అనుకున్నాను. శుక్రవారందాకా ఆగలేక, నేను రెబ్కమ్మకు ఫోను చేసి ఏడ్చింది అప్పుడే. "నోరుమూసుకుని ఎస్ సార్ అనక, ఎవురి పిల్లకోసవే ఈ పంతం? నీ పిల్ల సంగతి చూసుకోవద్దా?" అని ఆమె తిట్టింది. ఆమె ఉత్తరంలో రాసింది అంతవరకే.

గురువారం సాయంత్రం దొర సంచితో వచ్చాడు. నాలుగు పలకలు, ఒక పొట్లం కైమా. పొట్లం నా చేతిలో పెట్టి, "ఇది లూసీకి. నీకు ఎలా సరి అనిపిస్తే అలా కాల్చు. దానికి పన్నెండేళ్ళు వచ్చేదాకా దాని పళ్ళెం సంగతి నువ్వే చూసుకో" అన్నాడు. తర్వాత తలుపు దగ్గర వెనక్కి తిరిగి, "నా స్టేక్ జోలికి మాత్రం రాకు" అన్నాడు. "మీది ఎర్రగానే ఇస్తాను సార్, మీ కడుపు మీ ఇష్టం" అన్నాను. దొరసాని వెనకాలనుంచి పకపకా నవ్వింది. ఆ రాత్రి భోజనానికి ముందే సంతకం పెట్టాడు. ఇంకో రెండేళ్ళు. ఇదీ జరిగింది. రెబ్కమ్మకు మిగతా సగం కూడా చెప్పాను. "ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా, నా ఉత్తరం చించేద్దును" అని నా మీదే ఎగిరింది.

అక్కా, నన్ను గురించి బెంగపెట్టుకోకు. బాగానే తింటున్నాను, బాగానే నిద్రపోతున్నాను. ఎండ కొంచెం కొంచెం తగ్గుతోంది. సముద్రం మీద సౌదీకి వంతెన కడుతున్నారు, అది అయిపోతే కార్లలోనే వెళ్ళొచ్చంటున్నారు. పలకల అంచులు కోసిన ముక్కలు దొరసాని నాకే ఇస్తుంది. శుక్రవారం వాటిని నయీమ్ తీసుకెళ్ళి మన పద్ధతిలో, కడిగి, పసుపేసి, రెండు గంటలు ఉడికించి తింటాం. అక్కడ ఎవరమూ తలుపు వెయ్యం, మెట్ల మీద వెళ్ళే మలయాళీలు కూడా వచ్చి గిన్నె చాపుతారు. లోటల్లా గోంగూర ఒక్కటే. వచ్చే నెలలో రెబ్కమ్మ తమ్ముడు వస్తున్నాడు, అతనితో గోంగూర పచ్చడి ఒక సీసా, కొట్టిన కారం కాస్త పంపించు. నూనె కారకుండా మూతకు గుడ్డ గట్టిగా కట్టు. బావగారికి, పాస్టరుగారికి, మన పేటలో అడిగినవాళ్ళందరికీ నా వందనాలు. మీ ప్రార్థనల్లో నన్ను మర్చిపోకండి, నెత్తిమీద చెయ్యి పెట్టినట్టే అనుకుంటాను.

శాంతీ, ఇప్పటిదాకా పెద్దమ్మ కోసం చదివావు. ఇది నీకు. మీ ఉత్తరం అడుగున, పెద్దమ్మకు తెలియకుండా, పెన్సిలుతో చీమలంత అక్షరాల్లో ఒకటి రాశావు. "పంపించేస్తే మంచిదేగా అమ్మా. వచ్చెయ్యి" అని. చూశాను. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఈ డిసెంబరుకి వచ్చేస్తానని నేనే నీకు మాటిచ్చాను. ఇప్పుడు రావడం లేదు. కొత్త కాగితంలో సెలవు ఏడాది నిండాకే. ఈ క్రిస్మస్‌కి నేను ఉండను, వచ్చే క్రిస్మస్‌కి వస్తాను. ఈ మాట ఎవరిచేతా చెప్పించదలచుకోలేదు, అందుకే నీకు నేనే రాస్తున్నాను. ఏడుపొస్తే ఏడువు, దాచుకోకు, పెద్దమ్మ ఒళ్ళో పడి ఏడువు. దొర ముందు ఆ మాట ఒక్కసారికే అనేశాను. నీకిది రాయడానికి మాత్రం మూడు కాగితాలు చించాను. అయినా రాస్తున్నాను. ఇంకొకళ్ళ పిల్ల కోసం ఉద్యోగం పోయినా సరేనని నిలబడ్డాను. నా పిల్ల కోసం ఇంకో ఏడాది నిలబడలేనా? నిలబడతాను. నువ్వూ నిలబడు.

మీ అమ్మ,
కరుణ